తుంటికీలు – రక్తసాక్ష్యము

సికింద్రాబాదునకు చేరువనున్న బేగంపేటలో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెనని మన పిల్లలందరును చదువుకొనుచున్నారు. ఆ దోమలచే కుట్టించుకొనిన రోగి పేరు హుసేన్ ఖాను. కాటునకొక అణా చొప్పున అతనికి ముట్టినది. ఆ బీదవాని పేరును, అతనికిచ్చిన అణాలును సయితము వ్రాతలోనికెక్కి నిలిచియున్నవి. ఈ సంగతి నిక్కడ నెత్తుటకు కారణము కలదు. నూరేండ్లు గడచిన పిమ్మట మన దేశమున వేలకొలది జనుల తుంటిలో నొక లోహపు కీలు పొదుగబడెను. అది చెడ్డదని తేలిననాడు, వారిలో పెక్కండ్రెవరో, ఎక్కడనున్నారో చెప్పగలవారు లేకపోయిరి.

తుంటికీలు గిన్నెలో తిరుగు గుండువంటిది. అది అరిగి నడక దుర్భరమైనవారికి ఉక్కు గుండును, ఉక్కు గిన్నెను 1938లో లండనున ఫిలిప్ వైల్స్ అమర్చి చూచెను, అవి నిలువలేదు. అటుపిమ్మట రైటింగ్టన్ వైద్యశాలలో జాన్ చార్న్లీ టెఫ్లాన్ గిన్నెలను వాడెను. కొలది యేండ్లలోనే అవి అరిగి, ఆ పొడిచే చుట్టునున్న కండ చెడెను. అప్పుడాయన చేసిన పని శ్లాఘ్యము. రోగులను మరల పిలిపించి కీళ్లు మార్చెను; ఆ పదార్థపు ముక్కలను తన తొడలోనే పొదిగించుకొని దాని గుణము పరీక్షించెను. 1962 మొదలు పాలిథిలీన్ గిన్నెలో చిన్న లోహపు గుండు తిరుగు పద్ధతిని స్థిరపరచెను. తన రోగులు మరణించిన పిమ్మట ఆ కీలును తనకు చేర్చుటకు వారి సమ్మతిని సయితము ముందే పొందుచుండెను. లెక్క చూచుకొనుటయనగా నిది!

పాలిథిలీను సయితము కాలక్రమమున అరుగునని, లోహముపై లోహము తిరుగు కీళ్లకు తిరిగి ఆదరణ కలిగెను. పిన్నవయస్కులకవి జీవితాంతము నిలుచునని ఆశ. జాన్సన్ అండ్ జాన్సన్ వారి డిప్యూ సంస్థ 2003లో ఏ.ఎస్.ఆర్. అను కీలును విపణిలోనికి తెచ్చెను.

కీలు సరిగా కుదిరినప్పుడు గుండునకును గిన్నెకును నడుమ పలుచని ద్రవపుపొర నిలిచి రాపిడిని తగ్గించును. గిన్నెను వైద్యుడు ఏటవాలుగా అమర్చవలెను; ఆ వాలు 30 మొదలు 50 డిగ్రీల లోపుననుండుట మేలని 1978లో లూయినెక్ ప్రభృతులు చెప్పిరి. వాలు మించినచో బరువంతయు గిన్నె అంచున పడును. పొర తెగును, కోబాల్టు, క్రోమియం అణువులు రాలి కండలోనికిని రక్తములోనికిని పోవును. ఏ.ఎస్.ఆర్. గిన్నె లోతు తక్కువైనందున, ఇతర గిన్నెలు సహించు స్వల్పదోషమును సయితము అది సహింపలేకపోయెను. తప్పు వైద్యుని చేతిదా, వస్తువుదా అని వాదములు చెలరేగినవి. నిపుణుడైనవాని చేతిలో సయితము గిన్నె రెండు మూడు డిగ్రీలు తప్పుట మానవసహజము. ఆపాటి తప్పునకు చోటీయని వస్తువునే నేను దోషియందును.

బ్రిటిషు అధికారులు 2010లో లీటరు రక్తమునకు 7 మైక్రోగ్రాములను హెచ్చరిక హద్దుగా నిర్ణయించిరి. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. సామాన్య సూదిలోని లోహమే కలసి లెక్క తప్పింపగలదు గనుక అట్టి రక్తమును ప్రత్యేకపు గొట్టములలో తీయుదురు. నొప్పి లేనివారి నెత్తురును ముందుగా సాక్ష్యము చెప్పవచ్చును.

ఈ దోషమును మొదట పట్టుకొనినది పట్టికయే. ఎవరికి ఏ కీలు వేసిరి, ఎన్నడు తీసిరి అని దేశమంతటను వ్రాసియుంచిన ఆస్ట్రేలియాలో 2007లోనే సందేహము పొడసూపెను. 2009లో అచ్చట ఆ కీలును ఉపసంహరించిరి. 2010 ఆగస్టులో ప్రపంచమంతటను వెనుకకు పిలిచిరి. అప్పటికి సుమారు 93,000 మందికి అది అమర్చబడియుండెను.

అట్టి నిర్బంధపు పట్టిక మనకు లేకుండెను. భారతదేశమున సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగెను. దిగుమతి అనుమతిని 2012లో రద్దు చేసిరి. 2017లో కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము విచారింపగా దాదాపు 3,600 మంది జాడ తెలియలేదు. 2018లో 30 లక్షలు మొదలు 1 కోటి 23 లక్షల రూపాయలవరకు పరిహారము నిర్ణయమయ్యెను. కాని జాడ లేనివానికి పరిహార మెవరిత్తురు? వానికి తన నెత్తురు పరీక్షింపవలెనను మాటయైన చేరలేదు గదా!

కీళ్ల మార్పిడికై తెలంగాణ జిల్లాలనుండి సికింద్రాబాదున రైలు దిగువారు నేడనేకులు. ప్రస్తుతము అధికముగా వాడబడునది పాలిథిలీన్ గిన్నెయే గనుక వారు భయపడనక్కరలేదు. కీలు పెట్టెపై నంటించిన చీటిలో తయారుచేసినవారి పేరు, రకము, సంఖ్య ముద్రితమై యుండును. శస్త్రచికిత్స కాగానే ఆ చీటిని రోగి కాగితములలో అతికింతురు. దాని ప్రతిని ఇంటికి తెచ్చుకొనినవారెందరు? ఆసుపత్రి బిల్లును మాత్రము పదిలముగా దాచి, చీటి మాట మరచిన కుటుంబములను నేనెరుగుదును.