అమ్రూ అయ్యార్‌కి బందరు తమ్ముడు



మన జిల్లా పట్నం పేరే ఒక ఫార్సీ మాట. ‘బందర్’ అంటే ఓడరేవు. బోర్డుల మీద మచిలీపట్నం అని ఎంత పెద్దక్షరాలతో రాసినా, గుడివాడ బస్టాండులో వినబడే కేక మాత్రం ‘బందరు, బందరు’ అనే. పెడనలో అచ్చులద్దే కలంకారీ కూడా అంతే. కలం ఫార్సీ, కారీ ఫార్సీ, అద్దే చేతులు మాత్రం మన కృష్ణా జిల్లా చేతులు. ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచిపేట, వలందపాలెం అని పేటల పేర్లు చూస్తే ఎవరెవరు ఏ ఓడల్లో దిగారో తెలిసిపోతుంది. వాళ్లు తెచ్చిన సరుకుల గురించి, పట్టుకుపోయిన బట్టల గురించి బోలెడు కితాబులున్నాయి. ఆ జమానాలోనే మన నేలకు వచ్చిన ఇంకో సరుకు గురించి మాత్రం మన ఇళ్లలో పెద్దగా మాట్లాడుకోం. అది కిస్సా. మాయలూ మంత్రాలూ, జిన్నులూ పరీలూ, వీరులూ అయ్యార్లూ నిండిన దాస్తాన్.

1612లో ఇరాన్ నుంచి ఒకాయన హైదరాబాద్ చేరాడు. పేరు హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ. హమదాన్ ఆయన ఊరు, కిస్సాఖ్వాన్ అంటే కథలు చదివి వినిపించేవాడు. తన వెంట ‘రుమూజ్-ఎ-హమ్జా’ చేతిరాత ప్రతులు కొన్ని తెచ్చాడు. వాటిని గోల్కొండ దర్బారులో పెడితే, సారం తీసి ఒక కితాబు తయారు చెయ్యమని హుకుం అయింది. అలా పుట్టిందే ‘జుబ్దతుర్ రుమూజ్’. అది అమీర్ హమ్జా దాస్తాన్.

అప్పటికి గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మన బందరే. డచ్చివాళ్లు అంతకు కొన్నేళ్ల ముందే ఇక్కడ కోఠీ పెట్టారు. ఇంగ్లీషు కంపెనీవాళ్లు 1611లో దిగారు. అంటే రేవులో ఫిరంగీలు బట్టల బేరం మొదలుపెట్టిన రోజుల్లోనే, రాజధానిలో హమ్జా కథ కాయితాల మీదికి ఎక్కుతోంది. తర్వాత కొన్నేళ్లకే, 1625లో, గవ్వాసీ దక్కనీ జబాన్‌లో ‘సైఫుల్ ములూక్ వ బదీఉల్ జమాల్’ అనే మస్నవీ రాశాడు. షహజాదా, సముద్రం, పరీల రాజ్యం, అన్నీ ఉన్నాయి అందులో. దాస్తాన్ అనగానే లక్నో, ఢిల్లీ అని మనం ఉత్తరం వైపు చూస్తాం. దాని దారిలో దక్కన్ ఎంత పాత మజిలీయో ఈ రెండు కితాబులు చెబుతాయి.

ఉత్తరాన కూడా ఈ దాస్తాన్ వైభవం తక్కువది కాదు. అక్బర్ బాద్షా హమ్జానామాకు సుమారు 1,400 బొమ్మలు వేయించాడు. బట్టమీద వేసిన పెద్ద పెద్ద బొమ్మలవి. ఆ పనికి పదిహేనేళ్ల దాకా పట్టింది. తర్వాత లక్నోలో మున్షీ నవల్ కిశోర్ ప్రెస్ 1880ల నుంచి మొదలుపెట్టి ఈ దాస్తాన్‌ని ఉర్దూలో 46 జిల్దులుగా అచ్చేసింది. ఒక్కో జిల్దు దిండంత లావు. ఆ ప్రెస్ మాలిక్ హిందువు. చదివినవాళ్లు, చదివించుకుని విన్నవాళ్లు అందరూ.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గా చెప్పుకోవాలి. హజ్రత్ హమ్జా రజియల్లాహు అన్హు మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గారి చిన్నాన్న, ఉహద్ జంగులో షహీద్ అయినవారు. దాస్తాన్‌లోని అమీర్ హమ్జా కథకులు అల్లిన వీరుడు. కాఫ్ పర్వతాలకు పోతాడు, దేవ్‌లతో కుస్తీ పడతాడు, పరీల రాణిని నికా చేసుకుంటాడు. ఇది సీరత్ కాదు, తారీఖ్ కాదు. దాస్తాన్‌ని దాస్తాన్‌గానే చదవాలి. ఈ తేడా పిల్లలకు ముందే చెప్పేస్తే సగం గొడవ ఉండదు.

ఆ 46 జిల్దుల్లో అందరూ తెగ ఇష్టపడింది ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’. మొదటి జిల్దు 1883లో వచ్చింది. మొదటి నాలుగూ మొహమ్మద్ హుసేన్ జాహ్, మిగిలినవి అహ్మద్ హుసేన్ కమర్ రాశారు. తిలిస్మ్ అంటే సాహిర్, అంటే మంత్రగాడు, కట్టిన మాయాలోకం. హోష్‌రుబా అంటే హోష్‌ని ఎత్తుకుపోయేది. తెలుగులో మనం రోజూ వాడే ‘హుషారు’ ఆ హోష్‌కి బంధువే. ఆ లోకానికి బాద్షా అఫ్రాసియాబ్, మలికా హైరత్. తానే ఖుదానని చెప్పుకునే లకా అనేవాణ్ణి హమ్జా తరుముకుంటూ పోతే, వాడు పారిపోయి ఈ తిలిస్మ్ పక్కన చేరతాడు. అఫ్రాసియాబ్ వాడికి అండ. అక్కడ మొదలవుతుంది కథ. ఒక సాహిర్ చస్తే లోకమంతా చీకటి కమ్ముతుంది. వాడి పేరు చెబుతూ గాలిలో ఏడుపు వినబడుతుంది. మీరే చెప్పండి, రాత్రిపూట ఇలాంటిది వింటే ఏ బచ్చా నిద్రపోతాడు!

కానీ జనం గుండెల్లో కూర్చున్నది అమీర్ హమ్జా కాదు. అమ్రూ అయ్యార్. పిల్లల కితాబుల్లో ఉమ్రో అయ్యార్ అంటారు. ఒంటెలు తోలేవాడి కొడుకు. అందగాడు కాదు, బలశాలి కాదు. పైసా అంటే ప్రాణం, పిసినారి. పాట పాడితే మాత్రం శత్రువు కూడా తల ఊపాల్సిందే. అతని భుజాన ఉండే సంచి పేరు జంబీల్. అందులో ఏం వేసినా పడుతుంది, మనుషులతో సహా. కప్పుకుంటే కనబడకుండా చేసే గిలీం అనే కంబళి ఒకటి ఉంది. వేషం మార్చడంలో అతణ్ణి మించినవాడు లేడు. వంటవాడు, వైద్యుడు, ముసలమ్మ, నాట్యకత్తె, ఏ వేషమైనా సరే. అతని చేలాల్లో బర్క్ ఫిరంగీ అని ఒకడుంటాడు, పేరులోనే ఫిరంగీ. అవతలి పక్షాన సర్‌సర్ అనే ఆడ అయ్యార్ ఉంది. అమ్రూకి దీటుగా ఎత్తుకు పైఎత్తు వేస్తుంది. మహ్‌రుఖ్, బహార్ లాంటి మంత్రగత్తెలు అఫ్రాసియాబ్‌ని కాదని ఇవతలికి వచ్చి ఫౌజులే నడుపుతారు. మన నానీమాలు ఈ కథల్ని అంత మక్కువగా ఎందుకు చెప్పేవారో ఇప్పుడు అర్థమవుతుంది.

సాహిర్ దగ్గర జాదూ ఉంది, అమ్రూ దగ్గర అకల్ ఉంది. ఆకాశాన్ని మండించగల మంత్రగాడు ఒక గుప్పెడు మత్తుపొడికి బోర్లా పడతాడు. ఎంత గట్టి తిలిస్మ్‌కైనా దాన్ని విప్పే లౌహ్, అంటే రాతపలక, ఎక్కడో ఒకచోట ఉండే తీరుతుంది. తాళం చేసినవాడే చెవి కూడా చేశాడన్నమాట. జమీందారు దగ్గర, షావుకారు దగ్గర, దొర దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ జనానికి ఈ లెక్క ఎంత నచ్చి ఉంటుందో చెప్పనక్కర లేదు. ఎక్కడైనా సరే, బలమున్నవాణ్ణి చూసి జనం దణ్ణం పెడతారు. తెలివితో బలాన్ని బోల్తా కొట్టించినవాణ్ణి మాత్రం ఇంటికి తీసుకుపోయి పిల్లలకు చెబుతారు.

ఇక అసలు సంగతికి వద్దాం. అమ్రూకి బందరులో ఒక తమ్ముడున్నాడు. పేరు అంజిగాడు.

‘పాతాళభైరవి’ 1951లో వచ్చింది. కె.వి. రెడ్డి డైరెక్టరు. కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. ఆయన రాజాంలో పుట్టినా పెరిగింది బందరులో. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. తోటరాముడు వేసిన ఎన్టీఆర్‌ది గుడివాడ దగ్గరి నిమ్మకూరు. నేపాళ మాంత్రికుడు ఎస్వీ రంగారావు. కథకు మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’, అల్లావుద్దీన్ కిస్సా రెండూ ఆసరా. కోరిందల్లా ఇచ్చే ప్రతిమ కోసం ఒక సాహసిని బలివ్వాలని చూసే మాంత్రికుణ్ణి తల్చుకోండి. దీపం కోసం అల్లావుద్దీన్‌ని గుహలోకి దించిన మంత్రగాడు గుర్తుకు రాడూ?

అంజి సంగతి చూడండి. తోటమాలి కొడుక్కి దోస్తు, ఆస్తీ లేదు, హోదా లేదు. దయ్యాల్ని బుట్టలో వేసి, కప్పుకుంటే కనబడకుండా పోయే శాలువా సంపాదిస్తాడు. మాంత్రికుడి చేలా సదాజపుడి వేషం కడతాడు. గడ్డం తీసేస్తే రాజకుమారి ఇష్టపడుతుందని గురువుకి నచ్చజెబుతాడు. ఆ గడ్డంలోనే మాంత్రికుడి శక్తంతా ఉంది! దయ్యాలను ఆడించినవాడు ఒక మంగలికత్తి దగ్గర ఓడిపోయాడు. గిలీంకి శాలువా, వేషానికి వేషం, మత్తుపొడికి తియ్యటి మాట. ఇది అచ్చంగా అయ్యారీ. పింగళి హోష్‌రుబా చదివి రాశాడని నేనడం లేదు. ఒకే నీళ్లు తాగిన రెండు చెట్లకు ఒకే రుచి కాయ కాసిందంటున్నాను. అంజి వేసిన బాలకృష్ణకు జీవితాంతం ‘అంజిగాడు’ అనే పేరే నిలిచిపోయింది. జనం ఎవర్ని ఇంటికి తీసుకుపోయారో దాంతోనే తెలుస్తుంది.

ఆ సినిమా తీసిన విజయా వారు నాగిరెడ్డి, చక్రపాణి. 1947 జులైలో ‘చందమామ’ మొదలుపెట్టింది కూడా వాళ్లే. అందులో 1954లో ‘తోకచుక్క’తో మొదలై 1978 దాకా పన్నెండు జానపద సీరియళ్లు వచ్చాయి. అన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో ఆయన పేరు వేసేవారు కాదు. బొమ్మలు ‘చిత్రా’వి. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు ఒక వైపు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు మరో వైపు. నెలనెలా కథ ఒక ప్రమాదం అంచున ఆగిపోయేది, మళ్లీ సంచిక దాకా ఆగాల్సిందే. నిండు మజ్లిస్‌లో దాస్తాన్‌గో చేసే పనీ అదే. సరిగ్గా కత్తి ఎత్తిన చోట ఆపి, మిగతాది రేపు అంటాడు.

1962లో ఎన్టీఆర్ ‘గులేబకావళి కథ’ వచ్చింది. గుల్-ఎ-బకావలీ మన ఉర్దూ ఇళ్లకు పాత చుట్టమే. ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్ చంద్ లాహోరీ రాశాడు, దయాశంకర్ నసీమ్ మస్నవీగా అల్లాడు. ఇద్దరూ హిందువులే. తెలుగు సినిమాకు పాటలు రాసింది సి. నారాయణరెడ్డి, అదే ఆయన మొదటి సినిమా. ఆయన చదువు ఉర్దూ మీడియంలో సాగింది. బడిలో అలిఫ్ బే నేర్చి, డిగ్రీలో తెలుగు తీసుకున్న నాలాంటివాడికి ఈ సంగతి తెలిసినప్పుడు కలిగిన ఖుషీ మాటల్లో చెప్పలేను. రెండు జబాన్‌ల మధ్య గోడ ఉందని చెప్పినవాళ్లే గానీ, తలుపు ఉందని చూపించినవాళ్లు నాకు చిన్నప్పుడు తక్కువ.

మా నానీమాది దివిసీమ, నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లు పోయింది, ఇంట్లో ఉన్న ట్రంకు పెట్టె పోయింది, పెట్టెలో ఉన్న ఉర్దూ కితాబులు పోయాయి. ఆ ఊళ్లలో పోయిన ప్రాణాల ముందు కితాబులు ఒక లెక్క కాదు, ఆమె వాటి కోసం ఏడ్చిందీ లేదు. కానీ అమ్రూ అయ్యార్ కిస్సాలు మాత్రం ఆమె నోట మిగిలాయి. సగం తురకంలో, సగం తెలుగులో చెప్పేది. జంబీల్ అనకుండా ‘జాదూ సంచి’ అనేది. తిలిస్మ్‌లోని నది ఆమె నోట్లో కృష్ణ కాలువైపోయేది. కాయితం తడిస్తే పోతుంది. నోటి కథ పోవాలంటే చెప్పేవాళ్లు పోవాలి, లేదా వినేవాళ్లు లేచిపోవాలి.

ఇప్పుడు మన ఇళ్లలో జరుగుతున్నది ఆ రెండోది. బచ్చాలు ఇంగ్లీషు మీడియం. ఉర్దూ అక్షరాలు ఖురాన్ చదువు దగ్గరే ఆగిపోతున్నాయి, తెలుగు పరీక్ష దాకే. జాదూ స్కూలుకు పోయే ఇంగ్లీషు అబ్బాయి పేరు తెలుసు, అమ్రూ పేరు తెలియదు, అంజిగాడి పేరూ తెలియదు. ఇంకోపక్క కొందరు పెద్దలు ‘ఇవన్నీ ఖురాఫాత్, జాదూ కథలు హరామ్’ అని గదమాయిస్తారు. వాళ్ల ఫికర్‌ని నేను తీసిపారెయ్యను. జాదూ మన దీన్‌లో గునాయే. కానీ ఈ దాస్తాన్‌లో సాహిర్ ఎవరు? దుష్మన్. ఖుదానని చెప్పుకునేవాడు ఎవరు? ఓడిపోయేవాడు. గెలిచేది జాదూ నేర్చినవాడు కాదు, జాదూకి భయపడనివాడు. తాయెత్తుల దుకాణాలకు, దయ్యం వదిలిస్తామనే బాబాలకు మన బస్తీల్లో ఇంత గిరాకీ ఉన్న రోజుల్లో, మాంత్రికుణ్ణి చూసి నవ్వడం నేర్పే కథ కన్నా మంచి మందు ఏముంది?

ఢిల్లీలో ఆఖరి దాస్తాన్‌గో మీర్ బాకర్ అలీ 1928లో పోయాడు. దాస్తాన్‌గోయీ అక్కడితో ఖతం అనుకున్నారు. షమ్సుర్ రహ్మాన్ ఫారూఖీ ఆ 46 జిల్దుల్నీ వెతికి కూడబెట్టి చదివాడు. ఆయన ప్రోత్సాహంతో మహ్మూద్ ఫారూఖీ 2005లో మళ్లీ వేదికెక్కించాడు. డెబ్బై ఏడేళ్ల తర్వాత కూడా వినేవాళ్లు దొరికారు.

మనకు వేదిక అక్కర్లేదు. రాత్రి కరెంటు పోయినప్పుడు డాబా మీద చాప చాలు. ఉర్దూ రాకపోతే తెలుగులోనే చెప్పండి, తిలిస్మ్, అయ్యార్, జంబీల్ అనే మాటలు మాత్రం అలాగే ఉంచండి, పిల్లలు పట్టుకుంటారు. ఒక రాత్రి అమ్రూ కథ, మర్నాడు అంజిగాడి కథ. పక్కింటి పిల్లలొస్తే వాళ్లనీ కూర్చోబెట్టండి. నానీమా, దాదీమా ఇంకా ఉన్న ఇళ్లవాళ్లు మాత్రం ఆలస్యం చెయ్యకండి. వాళ్లకు గుర్తున్న కిస్సాలు ఈ వారమే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి.