మంచమా? మందా?

ఆసుపత్రి జమాఖర్చుల పుస్తకమును చరిత్రకారులు అంతగా తెరచి చూడరు. అయినను 1956లో మదరాసున ఆరంభమైన ఒక పరీక్ష, ప్రభుత్వపు రూపాయిని రోగికి ఏ దారిన చేర్చిన ఎక్కువ ఫలించునో తేల్చినది. దానిని గూర్చి శ్రోతలతో ముచ్చటింపదలచితిమి.

అంతకు పూర్వము క్షయకు చికిత్స యనగా మంచి గాలి, పాలు, గ్రుడ్లు, నెలల తరబడి విశ్రాంతి. మదనపల్లె చేరువ ఆరోగ్యవరమున 1915లో వెలసిన శానటోరియం అట్టిదే. అందు మంచము దొరకినవాడు అదృష్టవంతుడు. దొరకనివారి మాట యేమి? 1955-58 నడుమ జరిగిన దేశవ్యాప్త పరిశీలనలో, వేయిమందిలో సుమారు నలుగురి కఫమున క్షయక్రిములున్నట్లు తేలెను. లక్షమంది గల పట్టణమున నన్నూరుగురన్న మాట! అందరికి మంచములు వేయగల ఖజానా మనకు లేకుండెను.

అప్పటికే 1952లో ఐసోనియాజిడ్ అను చవుకమందు వాడుకలోనికి వచ్చియుండెను. ఇక తేలవలసినది, మంచము లేకున్నను మందు పనిచేయునా యనునదే. మదరాసు ప్రభుత్వము, భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి చేయి కలిపినవి. డాక్టర్ వాలెస్ ఫాక్స్ ఆధ్వర్యమున 193 మంది బీదరోగులను, చీట్లు తీసినట్లు, రెండు జట్లుగా విడదీసిరి. ఒక జట్టు శానటోరియమునకు పోయెను. రెండవది తన ఇరుకు గదులలోనే, అరకొర తిండితో ఉండెను. ఇరువురికిని ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ మందులే.

1959లో ఫలితములు వెలువడెను. శానటోరియమున నూటికి 92 మందికి, ఇండ్లలో 86 మందికి వ్యాధి అణగినది. ఇంటనున్న రోగుల వలన కుటుంబమువారికి అంటు హెచ్చగునన్న భయము కూడ తరువాతి పరిశీలనలో నిలువలేదు.

ఆ ఆరుగురి తేడా చిన్నదని మేము అనము. ఆ ఆరుగురిలో మన బిడ్డయే ఉండవచ్చును. కాని ఒక రోగిని మంచముపై పోషించు ధనముతో పెక్కుమందికి ఇంట మందీయవచ్చును. ఒకచోట వెచ్చించిన రూపాయి మరియొకచోట లేకపోవును గదా! ఆ లేమిని కూడ వ్యయముగా లెక్కించుటయే ఆరోగ్య ఆర్థికశాస్త్రమున తొలి పాఠము. 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము జిల్లాలలో ఇంటి చికిత్సనే ఆధారముగా గైకొనెను.

అయితే ఇంటి చికిత్సకును తన ఖర్చు కలదు. నెలలు గడచి ఒంట్లో కుదురుకొన్నకొలది మాత్రలు మ్రింగుట మానివేయువారుందురు. అందుచే మదరాసు కేంద్రపు ఉద్యోగులు చెప్పకుండ ఇండ్లకు పోయి, మిగిలిన మాత్రలను లెక్కించి, మూత్రమును పరీక్షకు తెచ్చెడివారు. వారి జీతము, తిరుగుడు కూడ ఆ చవుకమందు వెలలో చేర్పవలసినవే.