విజయపురి క్రీడారంగం: ఇక్ష్వాకుల నగరంలో ప్రేక్షకస్థలం

శాతవాహనుల అనంతరం క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో కృష్ణానది కుడిగట్టు ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజులకు రాజధానిగా ఉన్న విజయపురి, పలనాడు పశ్చిమపు అంచున, మూడు వైపుల కొండలూ ఒక వైపు నదీ కాపుగాసిన లోయలో వెలసింది. నేడు నాగార్జునకొండ పేరుతో ప్రసిద్ధమైన ఈ నగరంలో బౌద్ధ స్తూపాలు, విహారాలు, హిందూ దేవాలయాలు, స్నానఘట్టాలతో పాటు, ప్రేక్షకులు కూర్చుని చూడటానికే కట్టిన ఒక రంగస్థలం కూడా బయల్పడింది. ప్రాచీన భారతదేశంలో ఇటువంటి కట్టడాలు అరుదుగా దొరికినందున, జనసమూహాల చరిత్రకు ఇది విలువైన సాక్ష్యంగా నిలిచింది.

స్థానిక ఉపాధ్యాయుడొకరు ఈ లోయలోని ప్రాచీన స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేయగా, 1926లో శాసన విభాగానికి చెందిన ఎ. రంగస్వామి సరస్వతి ఇక్కడికి వచ్చి శిథిలాలను గుర్తించాడు. ఆ తరువాత ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్ వేర్వేరు దశల్లో తవ్వకాలు సాగించారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరగడంతో లోయ మునిగిపోవడం ఖాయమైంది. అంతకు ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో మొదలై 1960 వరకు సాగిన విస్తృత తవ్వకాలలో నగర స్వరూపం చాలావరకు వెలుగుచూసింది. ముంపునకు గురయ్యే కట్టడాలలో ముఖ్యమైనవాటిని కొండమీదికీ, జలాశయపు ఒడ్డున ఉన్న అనుపుకూ తరలించి పునర్నిర్మించారు. అనుపులో సందర్శకులు నేడు చూసే రంగస్థలం అలా నిలబెట్టినదే.

దీని నిర్మాణం సరళమైనది. నడుమ దీర్ఘచతురస్రాకారపు చదునైన నేల, దాని నాలుగు వైపులా ఒకదానిపై ఒకటిగా పైకి లేచే మెట్ల వరుసలు, ఆ మెట్లే ఆసనాలు. కింద నేలమీద నిలబడి మాట్లాడినవారి మాట పై వరుసలో కూర్చున్నవారికి స్పష్టంగా వినిపిస్తుందని సందర్శకులు నేటికీ చప్పట్లు కొట్టి, కేకవేసి పరీక్షించుకుంటారు. గ్రీకుల రంగశాల కొండవాలున అర్ధవృత్తంగానూ, రోమనుల క్రీడారంగం అండాకారంగానూ ఉండగా, విజయపురి శిల్పులు నాలుగు మూలల ఆకృతిని ఎంచుకున్నారు. ఇక్కడ రోమన్ బంగారు నాణేలు దొరకడం వల్ల పడమటి దేశాలతో సంబంధం రుజువవుతున్నా, ఆకృతిలోని ఈ తేడా వల్ల ఇది రోము కట్టడానికి నకలు అని చెప్పడానికి వీలులేదు.

విజయపురిలో ముప్పైకి పైగా బౌద్ధ స్థావరాలు ఉండటం, ఆచార్య నాగార్జునుని పేరు ఈ లోయతో ముడిపడటం వల్ల, ఇక్కడొక విశ్వవిద్యాలయం ఉండేదనీ, ఈ రంగం దాని విద్యార్థుల కోసమేననీ ప్రచారంలో ఉంది. కాశ్మీరం, గాంధారం, చీనా, తామ్రపర్ణి అనగా సింహళం వంటి దేశాల పేర్లు ఇక్కడి శాసనాలలో కనిపిస్తాయి గనుక విద్యాకేంద్రమన్న మాటలో కొంత సత్యముంది. అయితే నృత్య, గీత, వాద్యాలనూ వినోద ప్రదర్శనలనూ చూడరాదన్నది బౌద్ధ భిక్షువులు పాటించవలసిన పది శిక్షాపదాలలో ఒకటి. కాబట్టి ఈ మెట్లపై కూర్చున్నవారిలో భిక్షువులకంటే నగర ప్రజలే ఎక్కువమంది ఉండేవారని భావించడం సమంజసం. రంగాన్ని ఆనుకుని ఎత్తున హారీతి ఆలయం ఉండటం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది. హారీతి పిల్లలను అపహరించే యక్షిణిగా ఉండి, బుద్ధుని ఉపదేశంతో మారి శిశువులకు రక్షకురాలైందని బౌద్ధ కథలు చెబుతాయి. ఆమెను కొలిచేది ప్రధానంగా సంసారులే గనుక, ఆలయోత్సవానికి వచ్చిన జనమే కింది రంగంలో ప్రదర్శనలు చూసి ఉండవచ్చు.

ప్రజలు గుమికూడి ఆటపాటలను తిలకించే వేడుకను ఆ కాలంలో సమాజం అని వ్యవహరించేవారు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చెక్కబడిన అశోకుని మొదటి శిలాశాసనం ఇటువంటి సమాజాలలో దోషాలున్నాయంటూనే, వాటిలో కొన్ని మంచివని ఒప్పుకుంటుంది. కళింగ రాజు ఖారవేలుడు తన హాథీగుంఫా శాసనంలో, ఉత్సవాలతో సమాజాలతో రాజధానిని అలరించానని చెప్పుకున్నాడు. గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనం కూడా గౌతమీపుత్ర శాతకర్ణిని సమాజాలు జరిపించినవాడని కీర్తిస్తుంది. శాతవాహనుల వారసత్వాన్ని అందుకున్న ఇక్ష్వాకులు ఈ వేడుకకు శాశ్వతమైన కట్టడాన్ని సమకూర్చారన్న మాట.

ఇక్ష్వాకుల తరువాత ఈ సీమలో జనం కూడటం ఆగలేదు గాని, వారికి మెట్ల ఆసనాల అవసరం కనిపించలేదు. కారెంపూడిలో కార్తిక మాసంలో జరిగే వీరుల తిరునాళ్లలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఐదు రోజుల ఘట్టాలను జనం వీధుల్లో నిలబడి చూస్తారు. నరసరావుపేట సమీపాన కోటప్పకొండ వద్ద మహాశివరాత్రికి ప్రభల చుట్టూ చేరే జనానికి బయలే రంగస్థలం. తిరునాళ్లలో చూసేవాడు వేడుకతోపాటు కదులుతాడు. విజయపురిలో మాత్రం ఒకచోట కూర్చుని చూశాడు. ఏ శాసనమూ పేర్కొనని ఆ సామాన్య ప్రేక్షకుడు పలనాటి చరిత్రలో ఉన్నాడనడానికి ఈ మెట్లే ఆధారం గనుక, అనుపు రంగాన్ని నాగార్జునకొండ యాత్రలో దారిమధ్య మజిలీగా గాక, ఒక చారిత్రక పత్రంగా చదవడం అవసరం.