కాగితం మీద పైవాడు

బాస్కెట్‌బాల్‌లో మూడు పాయింట్ల షాట్ పడితే ఎన్ని పాయింట్లు వస్తాయి?

ఇది పొడుపుకథ కాదు, పరీక్ష ప్రశ్న. 2001లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో బాస్కెట్‌బాల్ శిక్షణ మీద ఒక కోర్సు నడిచింది. దాని చివర ఇచ్చిన 20 ప్రశ్నల్లో ఇదొకటి. ఒక మ్యాచ్‌లో అర్ధభాగాలు ఎన్ని అన్నది ఇంకొకటి. పాఠం చెప్పినాయన జట్టుకు అసిస్టెంట్ కోచ్, ఆయన తండ్రి జిమ్ హారిక్ అదే జట్టుకు హెడ్ కోచ్. గుట్టు రట్టయ్యాక 2003లో విశ్వవిద్యాలయం ఆ సీజన్ చివరి టోర్నమెంట్ల నుంచి తన జట్టును తానే తప్పించుకుంది.

అప్పుడక్కడ క్రీడలన్నిటికీ పెద్ద దిక్కు విన్స్ డూలీ. అథ్లెటిక్ డైరెక్టర్ ఆయన హోదా. కోచ్‌లను పెట్టుకోవడం, తీసెయ్యడం, టికెట్ల డబ్బు, దాతల చందాలు, నియమాల అమలు అన్నీ ఆ కుర్చీ కిందికే వస్తాయి. అంతకుముందు ఆయన పాతికేళ్లపాటు అక్కడే ఫుట్‌బాల్ కోచ్. అందులో తొమ్మిదేళ్లు రెండు కుర్చీల్లోనూ ఆయనే. కోచ్ తప్పు చేస్తే డైరెక్టర్ అడగాలి. రెండూ ఒకరే అయితే ఎవరిని ఎవరు అడగాలి? అమెరికా విశ్వవిద్యాలయాలు ఈ ప్రశ్నను నూటపాతికేళ్లుగా పై అంతస్తుకు పంపుతూనే ఉన్నాయి.

మన పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. మన బళ్లలో డ్రిల్లు మాస్టారి పీరియడ్‌ను లెక్కల మాస్టారు అడగకుండానే లాగేసుకుంటారు. అక్కడ పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఫుట్‌బాల్ కోచ్ జీతం ప్రెసిడెంట్ జీతం కంటే, అంటే మన వైస్ చాన్సలర్ లాంటి మనిషి జీతం కంటే, ఎన్నో రెట్లు ఎక్కువ. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే, ఎదుటివాణ్ణి గుద్ది పడేసే అమెరికన్ ఆట.

మొదట్లో ఈ ఆటకు పెద్దలే లేరు. 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల కుర్రాళ్లు తొలి మ్యాచ్ ఆడినప్పుడు ఏర్పాట్లన్నీ విద్యార్థులవే. జట్టు కెప్టెన్‌దే ఆఖరి మాట. ఆ తర్వాత అధ్యాపకులు కలగజేసుకున్నారు. బేస్‌బాల్ జట్టు తరగతులు ఎగ్గొట్టి ఊళ్లు తిరుగుతోందని 1882లో హార్వర్డ్ ఒక కమిటీ వేసింది. అయితే అధ్యాపకుల కమిటీకి కోపం ఉంటుంది గాని పట్టు ఉండదు. గేటు దగ్గర వసూలైన డబ్బు ఎటు పోతే పట్టు కూడా అటే పోయింది.

దాన్ని మొదట పసిగట్టినవాడు విలియం రైనీ హార్పర్. చమురు సంపన్నుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో షికాగోలో కొత్తగా పుట్టిన విశ్వవిద్యాలయానికి ఆయన తొలి ప్రెసిడెంట్. పేరులేని విద్యాసంస్థకు పేరు తేవాలి. యేల్‌లో తన దగ్గర చదువుకున్న ఆటగాడు అమోస్ అలోంజో స్టాగ్‌ను పిలిపించి, కోచ్‌గా మాత్రమే కాకుండా శారీరక విద్యా విభాగానికి అధిపతిగా, అసోసియేట్ ప్రొఫెసర్ హోదాతో, ఏడాదికి 2,500 డాలర్ల జీతం మీద నియమించాడు. 1892లో తరగతులు మొదలైనప్పుడే జట్టూ మొదలైంది. ఆటగాళ్లు చాలక తొలి సీజన్‌లో స్టాగ్ స్వయంగా మైదానంలోకి దిగాడు.

ఈ నియామకంలో ఉన్న మెలిక గమనించాలి. అప్పటిదాకా కోచ్ అంటే ఏడాదికో రెండేళ్లకో వచ్చిపోయే మనిషి. స్టాగ్‌కు ఆచార్య పదవి ఇవ్వడంతో ఆయన్ను కదిలించడం తేలిక కాకుండా పోయింది. జట్టు ఆయనదే, విభాగం ఆయనదే, పద్దు ఆయనదే. తోటి ఆచార్యులకు ఆయన జవాబుదారీ కాడు, హార్పర్‌తోనే నేరుగా వ్యవహారం. కోచ్‌కు విశ్వవిద్యాలయ గౌరవం కట్టబెడితే ఆట పద్ధతిగా ఉంటుందన్నది పైకి చెప్పే వాదన. స్టాగ్ వ్యక్తిగా నిష్ఠాపరుడు, దైవభక్తుడు కాబట్టి ఆ వాదన చెల్లుబాటైంది. కాని 1905లో ఒక పత్రిక గెలుపులను కొనుక్కుంటున్న విశ్వవిద్యాలయాలంటూ వరస కథనాలు వేసినప్పుడు అందులో షికాగో పేరూ ఉంది.

ఆ 1905 ఈ ఆటకు గండం. మైదానంలో కుర్రాళ్లు చచ్చిపోతున్నారు. అక్టోబర్‌లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిచి మాట్లాడాడు. మరుసటి ఏడాదే విశ్వవిద్యాలయాల సంఘం ఒకటి ఏర్పడింది. 1910లో దాని పేరు ఎన్‌సీఏఏ అయింది. నియమాలు మారాయి, బంతిని ముందుకు విసరడం నియమబద్ధమైంది, ఆట బతికింది. డబ్బు విషయం మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. 1929లో కార్నెగీ ఫౌండేషన్ వందకు పైగా విద్యాసంస్థలను పరిశీలించి పెద్ద నివేదిక ఇచ్చింది. ఆటగాళ్లకు రహస్య చెల్లింపులు మామూలైపోయాయనీ, దీన్ని ఆపగలిగింది ప్రెసిడెంట్లూ అధ్యాపకులేననీ తేల్చింది. అది వెలువడ్డ రోజు అక్టోబర్ 24. న్యూయార్క్ షేర్ మార్కెట్ కుప్పకూలడం మొదలైందీ ఆనాడే. దేశం వేరే లెక్కల్లో మునిగిపోయింది.

ప్రెసిడెంట్ తలచుకుంటే ఏమవుతుందో చూపించింది కూడా షికాగోయే. 1929లో అక్కడి ప్రెసిడెంట్ అయిన రాబర్ట్ మేనార్డ్ హచిన్స్‌కు ఈ ఆటంటే గిట్టదు. స్టాగ్‌కు 70 ఏళ్లు నిండగానే విరమణ వయసు చూపి పంపించేశారు. ఆయన మూటాముల్లె సర్దుకుని కాలిఫోర్నియా వెళ్లి ఇంకో కళాశాలలో కోచ్‌గా చేరాడు, 102 ఏళ్లు బతికాడు. ఆయన లేని షికాగో జట్టు నానాటికీ చిక్కిపోయింది. 1939 అక్టోబర్‌లో మిషిగన్ చేతిలో 85–0తో ఓడింది. ఆ రోజు మిషిగన్ కోచ్ ఫ్రిట్జ్ క్రిస్లర్. స్టాగ్ దగ్గరే ఆట నేర్చి, షికాగోలోనే అసిస్టెంట్‌గా పనిచేసినవాడు. డిసెంబర్‌లో విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్‌కు స్వస్తి చెప్పింది. మూడేళ్లకు, ఖాళీగా పడి ఉన్న స్టాగ్ ఫీల్డ్ స్టాండ్ల కిందే ఎన్రికో ఫెర్మీ బృందం తొలి నియంత్రిత అణు శృంఖల చర్యను సాధించింది.

హచిన్స్‌ను ధైర్యశాలిగా కీర్తించడం ఆనవాయితీ. నాకైతే ఆ ధైర్యంలో సగం స్కోరుబోర్డుదే అనిపిస్తుంది. స్టాగ్ ఉండి, జట్టు గెలుస్తూ ఉండగా ఫుట్‌బాల్ వద్దనే మాట అనగలిగేవాడా?

అటు క్రిస్లర్ గురువు బాటే పట్టాడు. 1941లో మిషిగన్ అథ్లెటిక్ డైరెక్టర్ అయ్యాడు, 1947దాకా కోచ్‌గానూ ఉన్నాడు. యుద్ధం తర్వాత దక్షిణాదిన ఈ జోడు పదవి ఇంకా బలంగా వేళ్లూనింది. అలబామాలో బేర్ బ్రయంట్ 1958 నుంచి 1982 దాకా కోచ్, డైరెక్టర్ కూడా ఆయనే. ఆర్కాన్సాలో ఫ్రాంక్ బ్రోయ్‌ల్స్ 1976లో కోచింగ్ మానేసినా, డైరెక్టర్ కుర్చీ 2007 చివరిదాకా వదల్లేదు. కారణం వింతేం కాదు. మిగతా ఆటలు చాలావరకు ఫుట్‌బాల్ సంపాదన మీదే బతుకుతాయి. స్టేడియం కట్టే దాతకు కోచ్ తెలుసు గాని రిజిస్ట్రార్ తెలియదు. కొన్నిచోట్ల ఈ విభాగం విశ్వవిద్యాలయ ఖజానాతో సంబంధం లేని వేరు సంస్థగా నమోదై ఉంటుంది. జార్జియాలోనూ అంతే. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నమాట.

ఆ ఇంటికి 1963 చివర్లో డూలీ వచ్చాడు. అప్పటికి 31 ఏళ్లు. చరిత్రలో ఎం.ఏ. చేసిన కోచ్. 1979లో డైరెక్టర్ కూడా అయ్యాడు. 1980లో హెర్షెల్ వాకర్ అనే కొత్త కుర్రాడి పరుగులతో జార్జియా జాతీయ ఛాంపియన్ అయింది. ఆ మరుసటి ఏడాది ముగింపులోనే అసలు కథ మొదలైంది.

చదువులో వెనకబడి చేరినవాళ్ల కోసం విశ్వవిద్యాలయంలో ఒక ప్రత్యేక విభాగం ఉండేది. అందులో ఇంగ్లిష్ పాఠాలు చూసే జాన్ కెంప్ అనే అధ్యాపకురాలు ఒక సంగతి బయటపెట్టింది. తప్పిన తొమ్మిదిమంది ఫుట్‌బాల్ ఆటగాళ్లను పై తరగతులకు ఎక్కించారు. అలా ఎక్కించకపోతే 1982 జనవరి 1న షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్ ఆడే అర్హత వాళ్లకు లేదు. అడిగినందుకు ఆమె హోదా తగ్గించారు, తర్వాత ఉద్యోగం తీసేశారు. ఆమె కోర్టుకెక్కింది. అది ఫుట్‌బాల్ మీద వేసిన దావా కాదు, మాట్లాడే హక్కు కోసం వేసినది. ప్రతివాదులు విద్యా వ్యవహారాలు చూసే ఇద్దరు అధికారులు. డూలీ ప్రతివాది కాడు.

విచారణలో విశ్వవిద్యాలయం తరఫు న్యాయవాది వాదన దేశమంతా పాకింది. ఆటగాణ్ణి విశ్వవిద్యాలయ విద్యార్థిగా మలచలేకపోవచ్చు, నాలుగు అక్షరాలు నేర్పితే చెత్త ఎత్తడానికి బదులు తపాలాఫీసులో ఉద్యోగమైనా చేసుకుంటాడని ఆయన భావం. కాపాడబోయి కొంప ముంచడమంటే ఇదే. 1986 ఫిబ్రవరిలో జ్యూరీ కెంప్‌కు 25 లక్షల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలంది. అది తర్వాత సుమారు 10.8 లక్షలకు తగ్గింది. ఆమె తిరిగి ఉద్యోగంలో చేరింది. ప్రెసిడెంట్ ఫ్రెడ్ డేవిసన్ రాజీనామా చేశాడు.

డూలీ మాత్రం రెండు కుర్చీల్లోనూ కొనసాగాడు. ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. ఆటగాళ్లను పై తరగతులకు ఎక్కించింది క్రీడా విభాగం కాదు, చదువుల విభాగమే. కోచ్ చెప్పకముందే కోచ్‌కు ఏం కావాలో తెలుసుకుని అమర్చిపెట్టే స్థితికి ఆచార్యులు వచ్చేశారు. స్టాగ్ కాలంలో తోటి ఆచార్యులకు కోచ్ జవాబుదారీ కాకపోవడమే సమస్య. డూలీ కాలానికి ఆచార్యులే కోచ్‌కు లోబడ్డారు.

మధ్యలో డబ్బు కూడా పెరిగింది. టీవీ ప్రసారాల మీద ఎన్‌సీఏఏ పెత్తనాన్ని ప్రశ్నిస్తూ ఓక్లహోమాతో కలిసి వ్యాజ్యం నడిపింది జార్జియాయే. 1984లో సుప్రీంకోర్టు 7–2తో వాళ్లవైపే తీర్పిచ్చింది. విభేదించిన ఇద్దరిలో ఒకరైన బైరన్ వైట్ ఒకప్పటి ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ తీర్పుతో టీవీ సొమ్ము గేట్లు తెరుచుకున్నాయి. 1987లో టెక్సస్‌లోని ఎస్ఎంయూ అనే విశ్వవిద్యాలయం, ఆటగాళ్లకు దొంగచాటు జీతాలిచ్చిందని ఆ ఏడాది సీజన్‌నే కోల్పోయింది. ఆ చెల్లింపులు కొనసాగడానికి ఒప్పుకున్న పాలకమండలి అధిపతి బిల్ క్లెమెంట్స్ అప్పటికి రాష్ట్ర గవర్నర్. కోచ్ మీద డైరెక్టర్, డైరెక్టర్ మీద ప్రెసిడెంట్, ప్రెసిడెంట్ మీద పాలకమండలి. నిచ్చెన చివరి మెట్టు మీదా అదే జట్టు అభిమాని కూర్చున్నాడు. 1991లో కళాశాల క్రీడలను పరిశీలించిన నైట్ కమిషన్, పగ్గాలు ప్రెసిడెంట్ల చేతికివ్వాలని సిఫారసు చేసింది. 1929లో చెప్పినదీ దాదాపు ఇదే.

డూలీ 1988లో 201 విజయాలతో కోచింగ్ ముగించి, డైరెక్టర్‌గా మిగిలాడు. ఆ రెండో అంకంలో ఆయన మీద నాకు గౌరవం పెరుగుతుంది. మహిళల ఆటలు, జిమ్నాస్టిక్స్, ఈత ఆయన హయాంలో వికసించాయి. 1996 ఒలింపిక్స్‌కు స్టేడియం చుట్టూ ఉన్న ప్రసిద్ధమైన పొదల కంచెను పీకించి, మనం ఫుట్‌బాల్ అనుకునే ఫుట్‌బాల్‌కు మైదానం ఇచ్చారు. మహిళల తొలి ఒలింపిక్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది అక్కడే. మొక్కల మీద మోజుతో ఆయన తన విశ్వవిద్యాలయంలోనే ఉద్యానశాస్త్రం తరగతులకు వెళ్లి కూర్చునేవాడు, తర్వాత తోటల మీద పుస్తకమూ రాశాడు.

2003లో ప్రెసిడెంట్ మైకల్ ఆడమ్స్, డూలీ కాంట్రాక్టు పొడిగించనన్నాడు. రాష్ట్రం భగ్గుమంది. చందాలు పోగుచేసే ఫౌండేషన్ ఏకంగా ప్రెసిడెంట్ ఖర్చుల మీదే ఆడిట్ చేయించింది. పాలకమండలి సభ్యులైన రీజెంట్లు ఆడమ్స్ పక్షాన నిలిచారు. 2004లో డూలీ దిగిపోయాడు. ఎట్టకేలకు ప్రెసిడెంట్ మాట నెగ్గిందని సంబరపడే ముందు ఆ మూడు పాయింట్ల ప్రశ్నను గుర్తు తెచ్చుకోవాలి. జిమ్ హారిక్ ఒకప్పుడు కాలిఫోర్నియాలోని పెపర్‌డైన్‌లో కోచ్‌గా ఉన్న రోజుల్లో ఆడమ్స్ అక్కడే ఉన్నతాధికారి; ఇద్దరిదీ పాత పరిచయం.

అదే 2004లో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఇంకో తంతు. అక్కడ ప్రెసిడెంట్, అథ్లెటిక్ డైరెక్టర్ కలిసి ముసలి కోచ్ జో పెటర్నో ఇంటికి వెళ్లి, ఇక విరమించమని అడిగారు. జట్టు వరసగా ఓడుతోంది కూడా. ఆయన కుదరదన్నాడు, వాళ్లు తిరిగొచ్చారు. హచిన్స్‌కు కలిసొచ్చిన స్కోరుబోర్డు వీళ్లకు అక్కరకు రాలేదు. పెటర్నో 1980 నుంచి 1982 దాకా డైరెక్టర్‌గానూ ఉన్నాడు. ఆ హోదా పోయినా అధికారం పోలేదు. అప్పటి డైరెక్టర్ టిమ్ కర్లీ ఒకప్పుడు ఆయన దగ్గరే అసిస్టెంట్. కాగితం మీద పైవాడు, వరసకు శిష్యుడు. మాజీ సహాయ కోచ్ జెర్రీ శాండస్కీ ఒక పిల్లవాడితో ప్రవర్తించిన తీరును 2001లో ఒక యువ సహాయకుడు చూసి చెబితే, పెటర్నో ఆ మాటను ఈ పైవాడికే చేరవేశాడు. పోలీసులకు మాత్రం వెళ్లలేదు. 2011 నవంబర్‌లో శాండస్కీ అరెస్టయ్యాక ట్రస్టీలు పెటర్నోను తొలగించారు. పెద్దలంతా నిజం దాచారని 2012 నాటి విచారణ నివేదిక తేల్చింది, పెటర్నో కుటుంబం దాన్ని ఒప్పుకోలేదు. కర్లీ తర్వాత కోర్టులో నేరం అంగీకరించాడు.

కోచ్ మెట్టెక్కి డైరెక్టర్ అయ్యే రోజులు దాదాపు పోయాయి. నెబ్రాస్కాలో టామ్ ఆస్బర్న్ 2013 మొదట్లో, విస్కాన్సిన్‌లో బ్యారీ ఆల్వరేజ్ 2021లో దిగిపోయారు. ఇప్పుడు ఆ కుర్చీకి కాంట్రాక్టులు, ప్రసార హక్కులు తెలిసిన వ్యాపార నిర్వాహకులు వస్తున్నారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచవచ్చు. తొలి ఏడాది ఒక్కో విద్యాసంస్థకు పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఎస్ఎంయూ ఏ నేరానికి సీజన్ పోగొట్టుకుందో అది ఇవాళ బడ్జెట్‌లో ఒక పద్దు.

ఆ ఏడాది అక్టోబర్‌లోనే లూసియానాలో ఎల్‌ఎస్‌యూ అనే విశ్వవిద్యాలయం తన ఫుట్‌బాల్ కోచ్‌ను తీసేసింది. ఒప్పందం ప్రకారం ఆయనకు ఇవ్వాల్సింది 5 కోట్ల డాలర్లకు పైమాటే. రాష్ట్ర గవర్నర్ విలేకరుల ముందుకొచ్చి, వచ్చే కోచ్‌ను ఎంచేది అథ్లెటిక్ డైరెక్టర్ కాడని ప్రకటించాడు. మర్నాటికి ఆ డైరెక్టర్ కూడా లేడు.