భిలాయి ఉక్కు మీది ముద్ర

1955 ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం ఫలితంగా, అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ పక్కన వెలసిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించగా, మరుసటి ఏడాదే అక్కడ రైలు పట్టాల తయారీ మొదలైంది. తెలుగు కార్మిక కుటుంబాలు కూడా పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఈ పట్టణ చరిత్రను టన్నుల లెక్కల్లో చెప్పడం పరిపాటి అయినా, అక్కడి సరుకు మీద పడే ముద్రకూ ఒక చరిత్ర ఉంది. ఆన్‌లైన్‌లో నకిలీ సరుకు బారిన పడకూడదనుకునేవారు తెలుసుకోదగినది అదే.

పట్టాకు చక్రం ఆనే తల, స్లీపరు మీద కూర్చునే పాదం, ఆ రెంటినీ కలిపే సన్నని నడుము అని మూడు భాగాలుంటాయి. ఎర్రగా కాలిన ఉక్కు రోలర్ల మధ్య సాగేటప్పుడు, రోలరులో చెక్కిన అక్షరాలు ఆ నడుము మీద ఉబ్బెత్తుగా తేలతాయి. పాత పట్టా మీద ఐ.ఆర్.ఎస్., 52 కేజీ, 710, సెయిల్, నెల, ఏడాది, ఓ.బీ. అని వరుసగా కనిపిస్తే, అది భారతీయ రైల్వే ప్రమాణానికి లోబడి, మీటరుకు సుమారు 52 కిలోల బరువుతో, చదరపు మిల్లీమీటరుకు 710 న్యూటన్ల లాగుడు బలానికి తట్టుకునేలా, ఓపెన్ హార్త్ కొలిమి ఉక్కుతో, భిలాయి కర్మాగారాన్ని నడిపే స్టీల్ అథారిటీ సంస్థ (సెయిల్) ఫలానా నెలలో తయారు చేసిన పట్టా అని అర్థం. వీటితోపాటు, ఒక దఫాలో కరిగించిన ఉక్కుకంతటికీ కలిపి ఇచ్చే హీటు నంబరును కూడా వేడి మీదే కొడతారు. ముద్రకు విశ్వసనీయత తెచ్చేది ప్రధానంగా ఈ చిన్న సంఖ్యే; రోలరు చెక్కించగలిగినవారెవరైనా అక్షరాలను అనుకరించగలరు గాని, ఆ సంఖ్యకు ఎదురుగా కర్మాగారం దస్త్రాల్లో ఉన్న రసాయన పరీక్షల ఫలితాలను సృష్టించలేరు. పట్టా ఎక్కడ విరిగినా, అదే దఫా ఉక్కుతో చేసిన మిగతా పట్టాలను ఈ సంఖ్య ఆధారంగానే వెదకవచ్చు.

రైల్వేలకున్న ఇలాంటి రక్షణ ఇల్లు కట్టుకునేవారికి అంత తేలికగా దక్కలేదు. 1992 జనవరిలో ఉక్కు ధరల నియంత్రణ తొలగి బహిరంగ విపణి విస్తరించాక, వేడి కడ్డీని నీటితో చప్పున చల్లార్చి పైపొర గట్టిగా, లోపల వంగే గుణంతో ఉండేలా చేసే టీఎంటీ కడ్డీలు ఎన్నో పేర్లతో దుకాణాలకు చేరాయి; పేరున్న ముద్రను దొంగిలించడానికీ అవకాశం పెరిగింది. 1947లో ఏర్పడిన భారతీయ ప్రమాణాల సంస్థకు, అంటే ఐఎస్‌ఐకి, 1952 చట్టం ధ్రువీకరణ ముద్ర వేసే అధికారం ఇచ్చింది. 1987 ఏప్రిల్ 1న దాని స్థానంలోకి భారతీయ ప్రమాణాల బ్యూరో, అంటే బీఐఎస్, వచ్చింది. ఐఎస్‌ఐ ముద్ర పైన ఉండేది ప్రమాణం సంఖ్య (కడ్డీలకు ఐ.ఎస్. 1786), కింద సి.ఎం./ఎల్. అని మొదలయ్యేది తయారీదారు లైసెన్సు సంఖ్య. చాలామంది బొమ్మను చూసి ఆగిపోతారు, సంఖ్యను చదవరు. నకిలీదారుకు అండ అదే.

తెర మీది కొనుగోలులో ఈ బలహీనత ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ కనిపించేది ముద్ర కాదు, ముద్ర ఫొటో; అసలు వస్తువుకు తీసిన ఫొటోనే నకిలీ అమ్మేవాడూ పెట్టుకోగలడు. కాబట్టి పార్సిలు చేతికందాక వస్తువు మీది లైసెన్సు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో వేసి, అక్కడ కనిపించే తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు గడువు పెట్టె మీది వివరాలతో సరిపోతున్నాయో లేదో చూడడం అవసరం. హీటు నంబరు వెనుక ఉన్న ఆలోచన బంగారం దాకా వచ్చింది: 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగల అమ్మకానికి తప్పనిసరి అయిన హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల గుర్తు, ఏ నగకు ఆ నగకు వేరుగా ఉంటుంది, దాన్నీ అదే యాప్‌లో సరిచూడవచ్చు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం అసలుదని అబద్ధం చెప్పి అమ్మే వస్తువును నకిలీగా నిర్వచించగా, 2020 ఈ-కామర్స్ నియమాలు విక్రేత పేరు, చిరునామా కొనుగోలుదారుకు కనిపించాలని, నకిలీ అని తేలిన సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి విక్రేత నిరాకరించరాదని నిర్దేశించాయి. బిల్లు, పెట్టె, ముద్ర ఫొటో దాచుకున్నవారు 1915 నంబరులోని జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఆ ఆధారాలతోనే ఫిర్యాదు చేయవచ్చు.