జాన్ డన్‌మోర్ లాంగ్: ప్రసంగ వేదిక నుండి శాసనసభకు

ఉపోద్ఘాతం

సంఘకాపరి రాజకీయాలలో ప్రవేశించవచ్చునా? ఈ ప్రశ్నకు వాక్యములో జవాబు వెదకుటతోపాటు, అలా ప్రవేశించినవారి చరిత్రను పరిశీలించుట కూడా అవసరమని మేము భావిస్తున్నాము. అట్టివారిలో ప్రముఖుడు ఆస్ట్రేలియాలో ప్రెస్బిటేరియన్ బోధకుడైన జాన్ డన్‌మోర్ లాంగ్.

పరిచర్య

స్కాట్లాండ్‌లోని గ్రీనక్‌లో 1799లో జన్మించిన లాంగ్ 1823లో సిడ్నీ చేరాడు. ఆయన స్థాపించిన స్కాట్స్ చర్చి 1826లో ఆరాధనకు తెరువబడింది. 1831లో ఆయన స్కాట్లాండ్ నుండి చేతిపనివారిని కుటుంబాలతో సహా రప్పించాడు. ఆయన ప్రోత్సాహంతోనే 1838లో జర్మన్ మిషనరీలు ఆదిమవాసుల మధ్య పరిచర్యకు మోర్టన్ బే చేరారు.

1836 నాటి చట్టం ప్రకారం బోధకులకు ప్రభుత్వమే జీతమిచ్చేది. సంఘము విశ్వాసుల కానుకలతోనే నడవాలని నిశ్చయించుకొని 1842లో లాంగ్ ఆ సహాయాన్ని విడిచిపెట్టాడు. అదే సంవత్సరం సినడ్ ఆయనను బోధక పదవినుండి తొలగించింది. ఆయన సంఘస్థులు మాత్రం ఆయనను విడువలేదు.

రాజకీయ జీవితం

1843లో పోర్ట్ ఫిలిప్ ప్రతినిధిగా లాంగ్ న్యూ సౌత్ వేల్స్ శాసనమండలికి ఎన్నికయ్యాడు. ఆ ప్రాంతాన్ని వేరు చేయాలని 1844లో ఆయన తెచ్చిన తీర్మానం వీగిపోయింది. అయినా 1851లో విక్టోరియా, 1859లో క్వీన్స్‌లాండ్ ప్రత్యేక వలసలయ్యాయి. ఖైదీలను ఓడలలో పంపే విధానాన్ని ఆయన తీవ్రంగా ఎదిరించాడు. 1859 నుండి 1869 వరకు శాసనసభ్యుడుగా ఉన్నాడు. మతసంస్థలకు క్రొత్తగా ప్రభుత్వ ధనసహాయం ఇవ్వకుండ ఆపిన చట్టం 1862లో వచ్చింది.

లోపాలు

ఆయన లోపాలను దాచుట చరిత్రకు న్యాయం కాదు. 1849లో 'ఫోర్టిట్యూడ్' ఓడలో వచ్చినవారికి ప్రభుత్వ అంగీకారం లేకుండానే భూమి ఇస్తానని వాగ్దానం చేశాడు. దిగిన తరువాత వారికి భూమి దొరకలేదు. ఐరిష్ కాథలిక్కుల రాకను ద్వేషభావంతో ఖండించాడు. పేద వలసస్త్రీలకు ఆశ్రయం కల్పించిన కెరొలిన్ చిషోమ్‌ను సైతం, ఆమె కాథలిక్కు అయినందున అనుమానించాడు. పరువునష్టం కేసులలో జైలుకూ వెళ్ళాడు.

ముగింపు

1878లో లాంగ్ సిడ్నీలో మరణించాడు. ఖైదీల రవాణాను ఎదిరించినప్పుడు ఆయన వలసప్రజలందరి మేలు కొరకు మాట్లాడాడు. కాథలిక్కుల విషయంలో తన వర్గం కొరకే మాట్లాడాడు. రెండింటిలోను ధైర్యం ఒక్కటే, ప్రేమ మాత్రం ఒక్కటి కాదు. కాబట్టి రాజకీయాలలో అడుగుపెట్టే సేవకుడు తన నోటి మాట ఎవరి మేలు కొరకు, ఎవరికి గాయమో ముందుగా పరీక్షించుకొనవలెనని మా మనవి.