ఓడిన జట్టుకు మరో ఆట: ఫుట్‌బాల్‌లో గ్రూపు దశ చరిత్ర

పత్రికల్లో ఆటల పేజీ తిరగేస్తే 'గ్రూపు దశ' అన్న మాట తరచు కనిపిస్తుంది. 2024 దాకా యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ గురించి చదివేటప్పుడైతే ఆ మాట లేకుండా వార్తే ఉండేది కాదు. పోటీ నడిపే పద్ధతికి కూడా ఒక చరిత్ర ఉంటుందా అని మీకు అనిపించవచ్చు. ఉంటుంది. పైగా ఆ చరిత్రలో మన హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులుకు చోటు ఉంది. ఒక్క ఓటమితో ఒక జట్టును ఇంటికి పంపడం న్యాయమేనా అన్న ప్రశ్నను ఆయన జీవితం పక్కన పెట్టి చూస్తే విషయం తేలికగా బోధపడుతుంది.

ముందుగా లెక్క చూద్దాం. పదహారు జట్లున్నాయనుకోండి. ఓడినవాళ్లు వెళ్లిపోవాలి, గెలిచినవాళ్లు ముందుకు పోవాలి అంటే మొత్తం 15 ఆటలతో విజేత తేలిపోతుంది. దీన్నే నాకౌట్ పద్ధతి అంటారు. అవే పదహారు జట్లను నాలుగేసి చొప్పున నాలుగు గ్రూపులు చేసి, గ్రూపులో ప్రతి జట్టూ మిగతా మూడింటితోనూ ఆడాలంటే ఒక్కో గ్రూపులో 6 ఆటలు, మొత్తం 24 ఆటలు అవుతాయి. సొంత ఊళ్లో ఒకటి, ఎదుటివాళ్ల ఊళ్లో ఒకటి ఆడితే అవి 48 అవుతాయి. అప్పటికి ఇంకా సెమీఫైనల్ కూడా రాలేదు! అంటే గ్రూపు దశకు రోజులు కావాలి, మైదానాలు కావాలి, డబ్బు కావాలి. దానికి బదులుగా అది ఇచ్చేది ఒక్కటే: ఓడిన జట్టుకు మరో ఆట.

1955లో ఫ్రాన్స్ క్రీడాపత్రిక 'లెకిప్' సంపాదకుడు గాబ్రియెల్ హానో చొరవతో యూరోపియన్ కప్ మొదలైనప్పుడు అందులో గ్రూపులు లేవు. పదహారు క్లబ్బులు పాల్గొన్నాయి. ఇద్దరి మధ్య రెండు ఆటలు, కలిపి ఎవరి గోల్స్ ఎక్కువైతే వారు ముందుకు. ఫైనల్ మాత్రం ఒక్కటే ఆట. ఆ మొదటి సంవత్సరం మొత్తం 29 ఆటలతో పోటీ ముగిసింది. స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్ 1956 నుంచి 1960 దాకా వరుసగా ఐదుసార్లు ఆ కప్పు గెలిచింది.

వరుసగా ఐదు కప్పులు అన్నది మన పాఠకులకు కొత్త సంగతి కాకూడదు. రియల్ మాడ్రిడ్ కంటే ముందే, 1950 నుంచి 1954 దాకా, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరుసగా ఐదుసార్లు గెలిచింది. ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పును 1950లో, 1954లో, మళ్లీ 1957లో తెచ్చుకుంది. రాష్ట్రం పేరు మారాక 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మరోసారి గెలిచింది. ఈ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. 1909లో పుట్టారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి పోలీస్ జట్టుకు, ఆ వెంటనే భారత జట్టుకు కోచ్‌గా పనిచేశారు. అందరూ ఆయన్ని రహీం సాబ్ అనే పిలిచేవారు.

రహీం జాతీయ జట్టుతో చేసిన ప్రయాణాన్ని వరుసగా చూస్తే, రెండు పద్ధతుల తేడా ఒక ప్రయోగశాలలో చూసినట్టు కనిపిస్తుంది.

1951లో మొదటి ఆసియా క్రీడలు ఢిల్లీలో జరిగాయి. ఘాజియాబాద్ పక్కన వైశాలిలో ఉండే మన తెలుగు కుటుంబాల పిల్లలు ఇండియా గేటు చూడడానికి వెళ్లినప్పుడు దానికి కాస్త అవతల ఉన్న నేషనల్ స్టేడియాన్ని చూసే ఉంటారు. ఇప్పుడు దానికి హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పేరు ఉంది. ఫుట్‌బాల్ అక్కడే జరిగింది. పోటీ నాకౌట్ పద్ధతిలో సాగింది. భారత్ ఇండోనేషియాను 3-0తో, ఆఫ్ఘనిస్తాన్‌ను 3-0తో, ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మూడు ఆటలు, మూడు విజయాలు. నాకౌట్ ఎంత బాగుందో కదా!

మరుసటి సంవత్సరం, 1952లో, హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడా నాకౌటే. భారత్ యుగోస్లావియాతో మొదటి ఆట ఆడి 1-10తో ఓడింది. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ ఒక్క ఆటతోనే పోటీ అయిపోయింది. ఏం పొరపాటు జరిగిందో తెలుసుకుని దిద్దుకోవడానికి రెండో ఆట లేదు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మన ఫుట్‌బాల్ చరిత్రలో గర్వంగా చెప్పుకునే ఘట్టం. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. జట్టులో హైదరాబాదీలు నూర్ మహ్మద్, అజీజుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నారు. ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచిన ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఆ ఘనత ఎక్కడికీ పోదు. అయితే చరిత్ర విద్యార్థులుగా మరో సంగతి కూడా గమనించాలి. మొదటి రౌండులో మనకు ఎదురుకావలసిన హంగరీ పోటీ నుంచి తప్పుకుంది. కాబట్టి సెమీఫైనల్ చేరడానికి మనం గెలిచింది ఒకే ఒక ఆట. ఆ తరువాత యుగోస్లావియా చేతిలో 1-4తో, కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 0-3తో ఓడాం. నాకౌట్ పద్ధతి నాలుగేళ్ల కిందట హెల్సింకీలో మనపట్ల ఎంత కఠినంగా ఉందో, మెల్‌బోర్న్‌లో అంత ఉదారంగా ఉంది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫుట్‌బాల్‌కు మొదటిసారి గ్రూపు దశ పెట్టారు. (ప్రపంచ కప్పులో ఇది 1930లోనే ఉంది. 1934, 1938లలో తీసేసి 1950లో మళ్లీ తెచ్చారు.) నాలుగు గ్రూపులు, గ్రూపుకు నాలుగు జట్లు, గ్రూపులో మొదటి స్థానం వచ్చినవారికే సెమీఫైనల్. భారత్‌కు వచ్చిన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. హంగరీతో 1-2, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 1-3. బలరాం రెండు గోల్స్, కెప్టెన్ పి.కె. బెనర్జీ ఒక గోల్ చేశారు. గ్రూపులో మనది చివరి స్థానం.

పట్టికలో చూస్తే రోమ్ ఫలితం మెల్‌బోర్న్ కంటే చాలా తక్కువ. కానీ నా దృష్టిలో ఆట విషయంలో రోమే పెద్ద మెట్టు. హంగరీ ఆ గ్రూపులోనే ఫ్రాన్స్‌ను 7-0తో, పెరూను 6-2తో చితక్కొట్టింది. అలాంటి జట్టు మన మీద గెలిచింది ఒక్క గోల్ తేడాతో. నాకౌట్ అయితే ఆ హంగరీ ఆటతోనే మన కథ ముగిసేది, ఫ్రాన్స్‌తో సమంగా నిలిచామన్న మాట ఎవరికీ తెలిసేది కాదు. గ్రూపు దశ జట్ల అసలు బలాన్ని బయటపెడుతుంది. అదే సమయంలో, ముందుకు పోయేది ఒక్కరే అయితే అది నాకౌట్ కంటే గొప్ప దయగలదేమీ కాదు. ఎన్ని ఆటలు ఆడామన్నది ఒక ఎత్తు, గ్రూపు నుంచి ఎందరికి దారి ఇచ్చారన్నది మరో ఎత్తు.

ఆ దారి 1962లో జకార్తాలో దొరికింది. నాలుగో ఆసియా క్రీడల్లో గ్రూపు నుంచి ఇద్దరికి సెమీఫైనల్ అవకాశం ఇచ్చారు. భారత్ గ్రూపులో దక్షిణ కొరియా, జపాన్, థాయ్‌లాండ్ ఉన్నాయి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. హెల్సింకీ నిబంధనైతే ఆ రాత్రే పెట్టెలు సర్దుకోవలసి వచ్చేది. కానీ ఈసారి రెండో ఆట ఉంది. థాయ్‌లాండ్‌ను 4-1తో ఓడించాం. ఆ ఆటలో డిఫెన్స్‌కు మూలస్తంభమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతడు లేకుండానే జపాన్‌ను 2-0తో దాటాం. గ్రూపులో రెండో స్థానం వచ్చింది.

సెమీఫైనల్‌కు రహీం తీసుకున్న నిర్ణయం ఇప్పటికీ కోచ్‌లు చెప్పుకుంటారు. తలకు కట్టుతో ఉన్న జర్నయిల్‌ను వెనక కాకుండా ముందు వరుసలో, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆటలో అతడు ఒక గోల్ చేశాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో ఎదురుగా ఉన్నది మళ్లీ దక్షిణ కొరియానే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వకపోవడంపై భారత ప్రతినిధి జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పినందుకు నగరమంతా మన మీద కోపంగా ఉంది. ముందురోజు మన రాయబార కార్యాలయంపై గుంపు దాడి చేసింది. స్టేడియం నిండా జనం కొరియా పక్షాన కేకలు వేస్తుండగా పి.కె. బెనర్జీ, జర్నయిల్ సింగ్ మొదటి ఇరవై నిమిషాల్లోనే చెరో గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనది. బలరాం, హైదరాబాదుకు చెందిన యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ పుట్టింది కూడా హైదరాబాదులోనే.

అప్పటికే రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న మరణించారు. భారత్ ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం గెలవలేదు.

ఇక యూరప్‌కు వద్దాం. అక్కడ గ్రూపు దశ వచ్చింది బలహీనుల మీద జాలితో కాదు. 1987లో మారడోనా ఆడే ఇటలీ ఛాంపియన్ నాపోలీకి మొదటి రౌండులోనే రియల్ మాడ్రిడ్ ఎదురైంది. రెండు ఆటలతో నాపోలీ ఇంటిదారి పట్టింది. అంత పెద్ద జట్టు సెప్టెంబరులోనే నిష్క్రమిస్తే టెలివిజన్ వ్యాపారం ఏం కావాలి? మిలాన్ క్లబ్బును 1986లో కొన్న టెలివిజన్ యజమాని సిల్వియో బెర్లుస్కోనీకి ఇది మింగుడు పడలేదు. ప్రకటనల రంగానికి చెందిన అలెక్స్ ఫిన్ చేత యూరోపియన్ లీగ్ ప్రణాళిక ఒకటి రాయించాడు. పెద్ద క్లబ్బులు విడిపోతాయేమోనన్న భయం పాలకమండలి యూఈఎఫ్ఏను కదిలించింది.

ఫలితంగా 1991-92లో చివరి ఎనిమిది జట్లను రెండు గ్రూపులుగా విడదీశారు. రోమ్‌లో లాగే గ్రూపుకు ఒక్కరే. ఆ ఇద్దరికీ నేరుగా ఫైనల్. అంతకుముందు సంవత్సరం విజేత అయిన బెల్‌గ్రేడ్ జట్టు రెడ్ స్టార్, యుగోస్లావియా యుద్ధం వల్ల తన 'సొంత ఊరి' ఆటలను హంగరీ, బల్గేరియాలలో ఆడవలసి వచ్చింది. గ్రూపులో రెండో స్థానంతో ఆగిపోయింది. ఫైనల్లో బార్సిలోనా 1-0తో సాంప్‌డోరియాపై గెలిచింది. 1992లో పోటీకి ఛాంపియన్స్ లీగ్ అని పేరు మార్చారు. 1994-95లో పదహారు జట్లు, నాలుగు గ్రూపులు, గ్రూపుకు ఇద్దరికి అవకాశం. 1997 నుంచి కొన్ని దేశాల రెండో స్థానపు జట్లనూ రానిచ్చారు. 1999లో ఏకంగా 32 జట్లు, రెండు గ్రూపు దశలు. మొత్తం 157 ఆటలు! జనం విసిగిపోయారు. 2003లో రెండో గ్రూపు దశను ఎత్తేశారు. అయినా 125 ఆటలు మిగిలాయి.

డబ్బు కోసం తెచ్చిన పద్ధతి అయినా, రెండో ఆట అన్నది తన పని తాను చేస్తుంది. 2002-03లో ఇంగ్లండ్ జట్టు న్యూకాజిల్ మొదటి మూడు ఆటలూ ఓడి, తరువాతి మూడూ గెలిచి ముందుకు వెళ్లింది. 2011-12లో సైప్రస్ వంటి చిన్న దేశం నుంచి వచ్చిన అపోయెల్ తన గ్రూపులో మొదటి స్థానం సాధించి క్వార్టర్ ఫైనల్ చేరింది.

గ్రూపు దశకు ఒక జబ్బు కూడా ఉంది. అది 1982 ప్రపంచ కప్పులో బయటపడింది. అల్జీరియా తన ఆటలు ముగించుకున్నాక మరునాడు పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. జర్మనీ 1-0తో గెలిస్తే ఇద్దరూ ముందుకు పోతారు, అల్జీరియా పోతుంది. పదో నిమిషంలో జర్మనీ గోల్ చేసింది. తరువాత రెండు జట్లూ బంతిని అటూ ఇటూ నెట్టుకుంటూ కాలక్షేపం చేశాయి. అప్పటినుంచే గ్రూపులో చివరి రెండు ఆటలూ ఒకే సమయానికి మొదలుపెడుతున్నారు.

2024-25 నుంచి ఛాంపియన్స్ లీగ్‌లో గ్రూపులే లేవు. 36 జట్లూ ఒకే పట్టికలో ఉంటాయి. ఒక్కోటి ఎనిమిది వేర్వేరు జట్లతో ఆడుతుంది. మొదటి ఎనిమిది నేరుగా చివరి పదహారులోకి, 9 నుంచి 24 దాకా మరో రౌండుకు వెళ్తాయి. మొత్తం 189 ఆటలు. ఆ మొదటి సంవత్సరంలో పారిస్ సాంజెర్మాన్ ఐదు ఆటలయ్యేసరికి ఒక్కటే గెలిచి, 25వ స్థానంలో, అంటే పోటీ బయట ఉంది. చివరకు 15వ స్థానానికి ఎక్కింది. 2025 మే 31న మ్యూనిక్‌లో ఇంటర్ మిలాన్‌ను 5-0తో ఓడించి కప్పు గెలిచింది.

మన డ్యూరాండ్ కప్పు 2019లో ఢిల్లీ వదిలి పశ్చిమ బెంగాల్‌కు వెళ్లినప్పుడు పదహారు జట్లను నాలుగు గ్రూపులుగా ఆడించారు. గ్రూపులో మొదటి జట్టుకే సెమీఫైనల్. అరవై ఏళ్ల కిందట రహీం రోమ్‌లో ఎదుర్కొన్న నిబంధన సరిగ్గా అదే.